నిద్రలో ఆగే ఊపిరి - ఎక్స్‌రే చెప్పగల సాక్ష్యం

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు మన పెద్దలు. అలసిన శరీరానికి పట్టుపరుపైనా కటికనేలైనా ఒక్కటే అన్న భావం అందులో ఉన్నది. కాని నిద్ర పట్టినంత మాత్రాన విశ్రాంతి లభించినట్లేనా అన్న ప్రశ్నను ఆ సామెత వేయలేదు. రాత్రి ఎనిమిది గంటలు పడుకొని కూడ, తెల్లవారి లేచేసరికి రాళ్ళు మోసినవారివలె అలసి ఉండేవారు మన నగరంలో ఎందరో ఉన్నారు. ఇంట్లోవారు మాత్రం "ఆయనకేమి, పడుకుంటే కుంభకర్ణుడే, గురక వీధి చివరకు వినబడుతుంది" అని నవ్వుకుంటారు. గురక గాఢనిద్రకు గుర్తు అని మన నమ్మకం. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమైనదో చెప్పడం, ఆ ప్రమాదాన్ని పసిగట్టడంలో తలకు పక్కనుంచి తీసే ఎక్స్‌రే చిత్రం ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో విచారించడం ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

తెలుగు ఇండ్లలో దీనిని గురక అంటారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ఖర్రాటే అంటారు. రెండు మాటలూ ధ్వన్యనుకరణాలే. వినగానే ఆ శబ్దం చెవిలో మెదులుతుంది. అయితే ఒక విషయం గమనించదగినది. రెండు భాషలలోను ఆ శబ్దానికి పేరున్నది. శబ్దం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు ఏర్పడే నిశ్శబ్దానికి మాత్రం పేరు లేదు. గురక సాగి సాగి ఒక్కసారిగా ఆగుతుంది. పది క్షణాలు, ఇరవై క్షణాలు ఏ అలికిడీ ఉండదు. పిదప నిద్రించువారు ఉలికిపడి, బుస కొట్టినట్లు ఊపిరి తీసుకొని, మరల గురక మొదలుపెడతారు. ఆ నిశ్శబ్ద సమయంలో పక్కనున్నవారు "హమ్మయ్య, గురక తగ్గింది" అని కన్నుమూస్తారు. నిజానికి ఆ సమయంలో తగ్గినది గురక కాదు, ఆగినది ఊపిరి. దీనినే వైద్యులు స్లీప్ ఆప్నియా అంటున్నారు. ఆప్నియా అనగా గ్రీకు భాషలో ఊపిరి లేకుండుట అని అర్థం.

తెలుగు చెప్పే అధ్యాపకులకు వైద్యవిషయంతో పని యేమి అని పాఠకులు అడుగవచ్చును. మేము వైద్యులం కాము. కాని ఈ వ్యాధి పుట్టే చోటు మాకు బాగుగా తెలిసినదే. వర్ణోత్పత్తి స్థానాలను చెప్పేటప్పుడు కంఠం, తాలువు, మూర్ధం, దంతం, ఓష్ఠం అని మేము ఏటేటా నల్లబల్లపై బొమ్మ గీస్తాము. తలను నిలువునా కోసి పక్కనుంచి చూచినట్లుండే ఆ బొమ్మలో నాలుక, అంగిలి, కొండనాలుక, కంఠం అన్నీ కనబడతాయి. స్లీప్ ఆప్నియా విషయంలో వైద్యులు పరిశీలించే ఎక్స్‌రే చిత్రం కూడ సరిగా ఆ బొమ్మ వంటిదే. అక్షరాలు పుట్టే దారిలోనే ఊపిరి కూడ నడుస్తుంది. పగలు మాటాడే నాలుకే రాత్రి దారికి అడ్డుపడుతుంది.

అది ఎట్లు జరుగుతుందో క్లుప్తంగా చెప్పుకొందాము. ముక్కు లోపలి దారికి ఎముకల ఆధారం ఉన్నది. శ్వాసనాళానికి మృదులాస్థి కట్లు ఉన్నవి. ఈ రెండింటి నడుమనున్న గ్రసనికి మాత్రం అటువంటి గట్టి ఆధారం లేదు. అది కండరాలతో, మెత్తని పొరలతో ఏర్పడిన గొట్టం. మెలకువగా ఉన్నంతసేపు కండరాలు నాలుకను ముందుకు పట్టి ఉంచుతాయి; దారి తెరచి ఉంటుంది. నిద్రలో ఆ కండరాలు సడలుతాయి. దారి సహజంగానే విశాలమైతే చిక్కు లేదు. దవడ చిన్నదైనా, నాలుక పెద్దదైనా, మెడచుట్టూ కొవ్వు పేరుకొన్నా, టాన్సిల్స్ ఉబ్బినా దారి ఇరుకై, లోనికి పీల్చే గాలి ఒత్తిడికే గోడలు దగ్గరకు వచ్చి మూసుకొంటాయి. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఆపదను గ్రహించి నిద్రించువారిని క్షణకాలం మేలుకొలుపుతుంది. దారి తెరచుకొంటుంది, మరల నిద్ర, మరల అడ్డంకి. ఆ మేలుకొనుట వారికి తెల్లవారిన తరువాత జ్ఞాపకం ఉండదు.

ఊపిరి పది సెకన్లు లేక అంతకుమించి ఆగితే దానిని ఒక అవరోధంగా లెక్కిస్తారు. శ్వాస పూర్తిగా ఆగిన సందర్భాలను, బాగా తగ్గిన సందర్భాలను కలిపి గంటకు 5 నుండి 15 వరకు ఉంటే స్వల్పం, 15 నుండి 30 వరకు మధ్యస్థం, 30కి మించితే తీవ్రం అని పెద్దల విషయంలో విభజన. తీవ్రమైన రోగి ఒక రాత్రిలో రెండు వందల సార్లకు పైగా ఊపిరికై పెనుగులాడుతున్నారన్న మాట. రక్తపుపోటు, గుండెలయ తప్పుట, పక్షవాతం, మధుమేహం వంటివాటికి దీనితో సంబంధమున్నదని వైద్యశాస్త్రం చెపుతున్నది. పగటి కునికిపాటు సరేసరి.

ఇది ధనవంతుల వ్యాధి అనీ, పాశ్చాత్యుల వ్యాధి అనీ అనుకొనే రోజులు పోయినవి. 2004లో ప్రకటితమైన ముంబై పరిశోధన ఒకటి 35 నుండి 65 ఏండ్ల మధ్య వయసుగల నగర పురుషులలో నూటికి ఏడున్నర మందికి ఈ వ్యాధి లక్షణాలతో సహా ఉన్నదని తేల్చినది. 2023లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు దేశంలో అప్పటివరకు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి, పనిచేసే వయసుగలవారిలో సుమారు 10 కోట్ల 40 లక్షల మంది దీనితో బాధపడుతున్నారని అంచనా వేసినారు. "సింహాసనం", "గ్యాంగ్ లీడర్" చిత్రాలకు స్వరాలు కూర్చి తెలుగువారిని ఉర్రూతలూగించిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో కన్నుమూసినప్పుడు, మరణకారణం ఈ వ్యాధియేనని చికిత్స చేసిన వైద్యులు వెల్లడించినారు. మన పత్రికలను చదివేవారిలో చాలమంది ఈ వ్యాధి పేరును మొదటిసారిగా విన్నది బహుశా ఆనాడే.

ఇక మన విశాఖ మాట. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటినుండి ఈ ఊరు రాత్రిళ్ళు మేలుకొనడం నేర్చినది. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఆ మేలుకొలుపును నిత్యకృత్యం చేసినది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మన నదుల పేరు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకొన్న అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులు రాత్రి అయినదని ఆరిపోయేవి కావు. ఓడ రేవుకు వచ్చినప్పుడు క్రేను పనిచేయవలసినదే. సరుకు ఎక్కిన లారీ గాజువాక దాటి జాతీయ రహదారి పట్టవలసినదే. ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి పనిచేసే కుటుంబాలు మన విద్యార్థులలో ఎందరివో ఉన్నవి.

ఇటువంటి ఊరిలో కునికిపాటుకు సిద్ధమైన సమాధానం ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంటుంది. "రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు, కునకడా మరి?" అంటారు. ఆ సమాధానం చాలసార్లు నిజమే. నిజం కాబట్టే ప్రమాదకరం. షిఫ్టు అలసట వెనుక వ్యాధి దాగుకొంటుంది. సెలవులలో వరుసగా పది రాత్రులు కడుపునిండా నిద్రించి కూడ పగలు కునికేవారిని గూర్చి ఎవ్వరూ ఆలోచించరు. పైగా, భర్త రాత్రి షిఫ్టు ముగించి పగటిపూట పడుకొన్నప్పుడు ఇంట్లో ఆయన నిద్రను గమనించేవారెవ్వరు? భార్య వంటింటిలోనో పనిలోనో ఉంటుంది. పిల్లలు బడిలో ఉంటారు. గురకకు సాక్షులే ఉండరు.

షిఫ్టు, వ్యాధి రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో లోకానికి తెలిపిన ఉదంతం ఒకటి ఉన్నది. 2013 డిసెంబరు 1వ తేదీ ఉదయం న్యూయార్కు నగరంలో ఒక ప్రయాణికుల రైలు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో తిరుగవలసిన మలుపులోనికి 132 కిలోమీటర్ల వేగంతో దూసుకొనిపోయి పట్టాలు తప్పినది. నలుగురు మరణించినారు; అరవైమందికి పైగా గాయపడినారు. ఆ దేశపు రవాణా భద్రతా మండలి విచారణ జరిపి, నడిపే వ్యక్తి నిద్రలోనికి జారుకొన్నాడనీ, అతనికి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నదనీ, అది అంతవరకు ఎవ్వరూ గుర్తించలేదనీ, ఇటీవలనే పనివేళలు మారడం వల్ల అది మరింత విషమించినదనీ తీర్మానించినది. అతడు త్రాగుబోతు కాడు, నిర్లక్ష్యపరుడు కాడు, రోగి. తాను రోగినని ఎరుగని రోగి. క్రేనులమీద, లారీలమీద, కొలుముల పక్కన అటువంటివారు మన ఊరిలో ఉండరని ఎవరు చెప్పగలరు?

ఈ వ్యాధిని నిర్ధారించే ప్రధాన పరీక్ష పాలీసోమ్నోగ్రఫీ. రాత్రంతా ఆస్పత్రిలో పడుకొనబెట్టి మెదడు తరంగాలు, శ్వాస, గుండె, రక్తంలోని ప్రాణవాయువు మొదలైనవాటిని నమోదు చేస్తారు. కొందరికి ఇంటివద్దనే చేయదగిన చిన్న పరీక్షలు కూడ వచ్చినవి. కాని రోజుకూలీ చేసుకొనేవారికి ఒక రాత్రి ఆస్పత్రిలో గడపడం, దానికయ్యే ఖర్చు భరించడం సులభం కాదు. అందువల్ల సులభమైన, చవకైన, దగ్గరగా లభించే సాధనం ఏదైనా ఉన్నదా అని అందరూ వెదకడం సహజం. ఆ వెదుకులాటలో కంటబడేది తల పక్క ఎక్స్‌రే.

దీనిని వైద్యులు లేటరల్ సెఫలోగ్రామ్ అంటారు. రాంట్‌జన్ 1895లో ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. తలను ఎప్పుడూ ఒకే తీరున నిలిపి, ఒకే దూరంనుండి చిత్రం తీసే పద్ధతిని 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హాఫ్రాత్ వేరువేరుగా ప్రకటించినారు. రెండు చెవులలో చిన్న కడ్డీలు ఉంచి తల కదలకుండ చేస్తారు. కిరణాలు వెలువడే చోటు తల నడిమి రేఖకు అయిదడుగుల దూరంలో ఉండాలని నియమం. ఇట్లు తీసినందువల్ల ఈ ఏడు తీసిన చిత్రాన్ని అయిదేండ్ల తరువాత తీసిన చిత్రంతో, ఒకరి చిత్రాన్ని మరొకరి చిత్రంతో పోల్చవచ్చును. పళ్ళకు కమ్మీలు కట్టే వైద్యులకు ఇది నిత్యం వాడే సాధనం. పిల్లవానికి ఎత్తుపళ్ళు ఉన్నవని తీసుకొనిపోతే, చికిత్సకు ముందు ఈ చిత్రం తీయించడం పరిపాటి.

ఆ చిత్రంలో ఎముక తెల్లగాను, మెత్తని భాగాలు బూడిదరంగుగాను, గాలి నడిచే దారి నల్లగాను కనబడతాయి. వైద్యులు దానిపై కొన్ని గుర్తులు పెట్టి కొలతలు తీస్తారు. పై దవడ, క్రింది దవడ పుర్రె అడుగుభాగంతో చేసే కోణాలవల్ల దవడ ముందుకున్నదో వెనుకకు జరిగినదో తెలుస్తుంది. సాధారణంగా పై దవడ కోణం 82 డిగ్రీలు, క్రింది దవడ కోణం 80 డిగ్రీలు. మెత్తని అంగిలి పొడవు, నాలుక వెనుక గాలిదారి వెడల్పు, హయాయిడ్ అనే ఎముక ఉన్న చోటు కూడ కొలుస్తారు. ఈ హయాయిడ్ విచిత్రమైనది. గుర్రపు లాడం ఆకారంలో గొంతులో ఉండి, మరే ఎముకతోను కీలు కట్టుకొనక, కండరాలతోనే వ్రేలాడుతుంది. నాలుక కండరాలు కొన్ని దీనినే ఆశ్రయించి ఉంటాయి. నాలుక వెనుక దారి సుమారు 11 మిల్లీమీటర్లు, క్రింది దవడ అంచునుండి హయాయిడ్ సుమారు 15 మిల్లీమీటర్లు ఉండడం సామాన్యమని పుస్తకాలు చెపుతాయి. స్లీప్ ఆప్నియా రోగులలో తరచుగా దారి అంతకంటె ఇరుకుగాను, హయాయిడ్ అంతకంటె క్రిందుగాను, అంగిలి పొడవుగాను కనబడుతుందని 1980లనుండి, ముఖ్యంగా 1983లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ప్రకటించిన పరిశీలన నుండి, అనేకులు వ్రాసినారు.

ఇందులో మనకు ప్రత్యేకంగా పనికివచ్చే సంగతి ఒకటున్నది. స్లీప్ ఆప్నియా అనగానే స్థూలకాయులే మనసుకు వస్తారు. 2008లో కెనడాలో రూపొంది నేడు లోకమంతట వాడుకలోనున్న ఎనిమిది ప్రశ్నల పట్టికలో కూడ శరీర స్థూలత్వ సూచిక 35కు మించినదా అన్నది ఒక ప్రశ్న. మన కళాసీలలో, డ్రైవర్లలో అంతటి స్థూలకాయులు ఎందరు? ఆసియా ప్రజలలో అంత లావు లేనివారికి కూడ ముఖపుటెముకల కూర్పు ఇరుకు కావడంవల్ల ఈ వ్యాధి వస్తున్నదని పరిశోధనలు తెలుపుతున్నవి. సన్నగా ఉండి, గడ్డం వెనుకకు జరిగి ఉన్న మనిషిని ఏ వైద్యుడూ అనుమానించడు. అతని పక్క ఎక్స్‌రే మాత్రం ఆ అనుమానానికి దారి చూపగలదు. ఎన్ని గంటలు నిద్రించినావని అది అడుగదు. షిఫ్టు ఏదని అడుగదు. ఎముకల అమరికను ఉన్నదున్నట్లు చూపుతుంది. షిఫ్టు అనే సాకు చెల్లని సాక్షి అది.

పిల్లల విషయంలో దీని ఉపయోగం మరింత స్పష్టం. ముక్కు వెనుకనుండే అడినాయిడ్ గ్రంథి చిన్నతనంలో పెరిగి, యౌవనంలో క్రమంగా కుంచించుకొనిపోతుంది. కొందరు పిల్లలలో అది మితిమీరి పెరిగి ముక్కుదారిని మూసివేస్తుంది. అటువంటి పిల్లవాడు నోరు తెరచి నిద్రిస్తాడు, గురక పెడతాడు, పక్క తడుపవచ్చును. పగలు కునుకవచ్చును, లేక నిలుకడ లేక అల్లరి చేయవచ్చును. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఆ గ్రంథి ఎంత పెరిగినదో, ఎంత దారి మిగిలినదో చక్కగా కనబడుతుంది. అధ్యాపకులుగా మేము చెప్పదలచినది ఇది: తరగతిలో నోరు తెరచుకొని కూర్చుండే పిల్లవానిని మొద్దు అని పేరు పెట్టేముందు వానిని చెవి-ముక్కు-గొంతు వైద్యునికి చూపించాలి. వానికి లోటు బుద్ధిలో కాక ఊపిరిలో ఉండవచ్చును.

ఇంతవరకు ఎక్స్‌రే పక్షాన చెప్పినాము. ఇక దాని పరిమితులు చెప్పకపోతే అన్యాయమవుతుంది. అది మెలకువలో, కూర్చుండియో నిలబడియో ఉండగా తీసిన చిత్రం. వ్యాధి నిద్రలో, పడుకొన్నప్పుడు కలిగేది. అది పక్కచూపు మాత్రమే. దారి కుడి ఎడమల ఎంత వెడల్పున్నదో అది చూపలేదు. చాలమందిలో గోడలు పక్కలనుండియే మూసుకొంటాయి. గుటక వేసే క్షణంలో తీస్తే నాలుక, హయాయిడ్ స్థానం మారిపోతాయి. కండరాలు నిద్రలో ఎంత సడలుతాయో ఏ నిలకడ చిత్రమూ చెప్పలేదు. పుస్తకాలలోని సామాన్య కొలతలు చాలవరకు పాశ్చాత్యుల ముఖాలనుండి తీసినవి. మన ముఖాలకు వాటిని యథాతథంగా అన్వయించడం తగదు. అన్నిటికంటె ముఖ్యం, ఇరుకు దారి ఉండీ హాయిగా నిద్రించేవారున్నారు. విశాలమైన దారి కనబడీ రాత్రంతా ఊపిరాడక పెనుగులాడేవారున్నారు. అందువల్లనే అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం 2019లో ప్రకటించిన పత్రంలో, ఇటువంటి చిత్రాలతో ఈ వ్యాధిని నిర్ధారించరాదనీ, అనుమానం కలిగినవారిని వైద్యులవద్దకు పంపవలెననీ స్పష్టం చేసినది.

కావ్యం చదివేవారికి ఇది వింత కాదు. ఒక పదానికి నిఘంటువు ఒక అర్థం చెపుతుంది. ఆ పదం పద్యంలో ఏ అర్థమిస్తుందో సందర్భం చెప్పాలి. ఎక్స్‌రేలోని కొలత నిఘంటువులోని అర్థం వంటిది. దానిని రోగి నిద్ర, రక్తపుపోటు, మెడ చుట్టుకొలత, ఇంటివారి మాట అనే సందర్భంలో ఉంచి చదివినప్పుడే తాత్పర్యం బోధపడుతుంది.

ఈ విషయంలో రెండు విపరీత ధోరణులు బయలుదేరే అవకాశమున్నది. చవకగా అయిపోతుంది కనుక కార్మికులందరికీ ఒక ఎక్స్‌రే తీసి, దారి బాగున్నవారికి యోగ్యతాపత్రం ఇచ్చి పంపిద్దాము అనడం మొదటిది. ఇది అన్నిటికంటె ప్రమాదకరం. బాగున్నదని కాగితం చేతికిచ్చిన తరువాత, రాత్రి ఊపిరాడని మనిషిని కూడ ఎవ్వరూ పట్టించుకొనరు. అతడే తనను తాను పట్టించుకొనడు. పైగా కారణం లేకుండ, ఎంత స్వల్పమైనా సరే, ఎవరిపైననూ కిరణాలు ప్రసరింపజేయరాదన్నది వైద్యనీతి. నిర్ధారణకు పనికిరాదు కనుక ఆ చిత్రాన్ని ఈ దృష్టితో చూడనే అక్కరలేదు అనడం రెండవ ధోరణి. ఇదీ సరికాదు. పళ్ళకోసమో దవడకోసమో ఇప్పటికే తీసిన చిత్రం వైద్యుని బల్లమీద ఉన్నది. అందులో పళ్ళను మాత్రమే చూచి, వాటి వెనుకనే నల్లగా కనబడుతున్న ప్రాణవాయువు దారిని చూడకపోవడం న్యాయమా?

మా అభిప్రాయం ఈ రెండింటికి నడుమ ఉన్నది. ఎక్స్‌రేను సాక్షిగా స్వీకరించాలి, న్యాయాధిపతిగా కాదు. తీసిన ప్రతి చిత్రంలోను గాలిదారిని చదవాలి. ఇరుకుగా కనబడితే వైద్యుడు మూడు ప్రశ్నలు అడగాలి: గట్టిగా గురక పెడతారా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూచినారా? పగలు కునుకు వస్తుందా? వీటిలో దేనికైనా అవునని జవాబు వస్తే నిద్రపరీక్షకు పంపాలి. ఈ మూడు ప్రశ్నలకు అవునన్నవారి ఎక్స్‌రే ఎంత చక్కగా ఉన్నా పరీక్షకు పంపవలసినదే. రాత్రి షిఫ్టు చేసేవారికి ఆ పరీక్షను వారు అలవాటుగా నిద్రించే వేళలోనే జరపడం మంచిది. నగరానికి ఈ చివర ఆ చివర దంతవైద్య కళాశాలలున్నవి; 1923లో వెలసిన కింగ్ జార్జి ఆస్పత్రి ఉన్నది; వాల్తేరులో చెవి-ముక్కు-గొంతు ఆస్పత్రి, ఊపిరితిత్తుల ఆస్పత్రి ఉన్నవి. పళ్ళ వైద్యుడు చూచిన ఇరుకుదారి గొంతు వైద్యునికి, అక్కడినుండి నిద్రపరీక్ష చేసేవారికి చేరడానికి కావలసినది కొత్త యంత్రం కాదు. ఒక చీటీ వ్రాసి పంపే అలవాటు.

అసలు చిక్కు ఇంకొకటి ఉన్నది. కార్మికునికి రోగం కంటె రోగి అన్న ముద్ర వల్ల భయం ఎక్కువ. కునుకు వస్తున్నదని చెపితే క్రేను దింపివేస్తారేమో, లారీ తాళం తీసుకొంటారేమో అని అతడు నోరు మెదపడు. దాచిన వ్యాధి దాచినవానితోపాటు ఇతరులను కూడ బలిగొంటుంది. ఈ వ్యాధి నయం చేయరానిది కాదు. 1981లో ఆస్ట్రేలియాలో సలివాన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ప్రకటించిన సి-పాప్ యంత్రం ముక్కుద్వారా గాలిని కొద్ది ఒత్తిడితో పంపి గొంతును మూసుకొనిపోనీయదు. క్రింది దవడను ముందుకు నిలిపే నోటి పరికరాలున్నవి. బరువు తగ్గడం ఉన్నది. పిల్లలకు గ్రంథి తొలగించే చికిత్స ఉన్నది. కొందరికి దవడలను ముందుకు జరిపే శస్త్రచికిత్స ఉన్నది. ఆ శస్త్రచికిత్సను నిర్ణయించడంలో ఈ ఎక్స్‌రేకు మరల స్థానమున్నది. బ్రిటన్‌లో ఈ వ్యాధివల్ల మితిమీరిన మగత ఉన్నవారు వాహనం నడపరాదు. చికిత్సతో మగత అదుపులోనికి వస్తే మరల నడపవచ్చును. మన సంస్థలు కూడ ఏటేటా జరిపే ఆరోగ్యపరీక్షలలో నిద్రను గూర్చిన ప్రశ్నలు చేర్చి, ఒప్పుకొన్నవానిని పనినుండి తొలగించక, చికిత్స చేయించి పనిలో నిలుపుతామని ముందుగానే మాట ఇవ్వాలి. ఆ మాట లేనిదే ఏ ప్రశ్నకూ నిజమైన జవాబు రాదు. ఏ ఎక్స్‌రే కూడ ఆ జవాబు లోటును పూరించలేదు.

మరొక్క మాట. గురక మగవారి సొత్తు అన్న అపోహ వల్ల స్త్రీలు మరింత నష్టపోతున్నారు. భర్త గురకను గూర్చి భార్య చెపుతుంది. భార్య గురకను గూర్చి చెప్పేవారెవరు? ఆమెయే సిగ్గుతో దాచుకొంటుంది. "అలసటగా ఉన్నది, తలనొప్పిగా ఉన్నది" అంటే ఇంటిపని అని కొట్టివేస్తారు. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో ఈ వ్యాధి ఎక్కువవుతుందని వైద్యులు చెపుతున్నారు. అమ్మలను, అత్తలను గమనించవలసిన బాధ్యత పిల్లలదే.

మా విద్యార్థులతో ఒక విన్నపం చేసి ముగిస్తాము. మీలో ప్రతివారి చేతిలోను ఈనాడు మొబైల్ ఫోను ఉన్నది. మీ ఇంటిలో గురకపెట్టే పెద్దలెవరైనా ఉంటే, వారికి చెప్పి, వారి అంగీకారంతోనే, ఒక రాత్రి వారి నిద్రను పది నిమిషాలు నమోదు చేయండి. శబ్దాన్ని కాదు, శబ్దాల మధ్యనున్న విరామాలను లెక్కించండి. ఊపిరి ఆగి ఆగి వస్తున్నట్లు తోస్తే ఆ ఫోనును వైద్యునికి చూపండి. పళ్ళకోసం ఎప్పుడో తీయించిన ఎక్స్‌రే అలమరలో ఉంటే దానిని కూడ వెంట తీసుకొనిపోండి. ఆ చిత్రం చెప్పగలిగినది అది చెపుతుంది. మిగిలినది చెప్పవలసిన సాక్షులు రాత్రిపూట ఆ పక్కన మేలుకొని ఉన్న మీరే.